మట్టికి పెట్టిన బఠాణీలు

నా చిన్నప్పుడు నేను కొట్టిన గొప్పలన్నిట్లోకీ పెద్ద గొప్ప బఠాణీల గురించి. సరస్వతీ పూజ నాడు మా సందు పిల్లలందరం కలిసి తినే ఖిచుడీలోకి బఠాణీలన్నీ మా పెరట్లోంచే వస్తాయని, ఒక్క గింజ కూడా బయట కొనక్కర్లేదని, ఖిదిర్‌పూర్‌లో మా క్వార్టర్ల వరసంతా తిరిగి చెప్పి వచ్చాను. అప్పటికి మా బఠాణీ మొక్కలు జానెడు ఎత్తు దాటలేదు. అయినా నాకు పిసరంత భయం లేదు. మొక్క ఉన్నాక కాయ రాదా, కాయ వచ్చాక గింజ ఉండదా అన్నది నా ధీమా. కలకత్తా సందుల్లో పుట్టి పెరిగిన పదేళ్ళ పిల్లకి అంతకు మించి వ్యవసాయం ఏం తెలుస్తుంది!

మా నాన్న కార్పొరేషన్‌లో మురుగు కాలువల గ్యాంగులో పని చేసేవాడు. అమ్మ పొద్దున్నే చీపురు పట్టుకుని రోడ్ల పనికి వెళ్ళిపోయేది. ఇంట్లో ఇక మిగిలేది నేనూ, మా మామ్మా. మామ్మ అంటే నాన్నను కన్న తల్లి. శ్రీకాకుళం వైపు పల్లెలో సగం జీవితం గడిపి, తాత పోయాక కొడుకు దగ్గరికి వచ్చేసిన మనిషి. మట్టిలో చెయ్యి పెట్టకుండా ఒక్క పూట ఉండలేకపోయేది. మా క్వార్టరు వెనక నాలుగు మంచాలు వేస్తే నిండిపోయేంత జాగా ఉండేది. మిగతా ఇళ్ళవాళ్ళు అలాంటి జాగాల్లో విరిగిన కుర్చీలూ, సైకిలు టైర్లూ పడేసేవాళ్ళు. మామ్మ మాత్రం దాన్ని 'మన పొలం' అనేది. మేం ఎంత నవ్వినా ఆ మాట మార్చలేదు.

మామ్మకి ఎదురు చెప్పే ధైర్యం మా నాన్నకే లేదు, ఇక నేనెంత. పులుసులో ఉప్పు ఎక్కువైతే ఈ ఊరి ఉప్పే మంచిది కాదనేది. చేతిలోంచి జారి కుండ పగిలితే దాన్ని చేసినవాడిని తిట్టిపోసేది. తన వల్ల పొరపాటు జరిగిందని ఆవిడ నోట నేనెన్నడూ వినలేదు. చుట్టుపక్కల తెలుగు ఇళ్ళన్నిట్లోనూ పెద్దవాళ్ళు ఇంతే కాబట్టి నాకు అదేమీ వింతగా తోచేది కాదు.

ఊళ్ళో ఉన్నప్పుడు మామ్మ పొయ్యిలో బూడిద పారబోసేది కాదట. కట్టెల బూడిదని కూరపాదుల్లో చల్లితే మొక్క ఏపుగా లేస్తుంది, పురుగు దగ్గరికి రాదు. ఆ అలవాటుతోనే కలకత్తా వచ్చాక కూడా రోజూ పొయ్యి బూడిదని తట్టలోకి ఎత్తి పెరట్లో చల్లేది. కాకపోతే ఇక్కడ మా పొయ్యిలో కాలేది కట్టెలు కాదు, రాతిబొగ్గు. ఆ బూడిదలో సగం గాజుపెంకుల్లాంటి బొగ్గురాళ్ళే. ఈ తేడా మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. రెండేళ్ళపాటు, వాన పడ్డా ఎండ కాసినా, ఆ నాలుగు మంచాల పొలానికి రోజూ తట్టెడు బొగ్గుబూడిద మేపింది మామ్మ.

ఆ రెండేళ్ళూ వంగమొక్కలు వేశాం. మొదటి ఏడు మోకాలెత్తు పెరిగి ఆకులు పసుపెక్కి ఆగిపోయాయి. రెండో ఏడు అదీ లేదు. నేల వాన నీళ్ళు కూడా పీల్చుకోక పైన పెచ్చులు కట్టింది. మామ్మ మొక్కల మధ్య గొంతుక్కూర్చుని వాటిని చూస్తూ ఉండేది. చివరికి తీర్పు చెప్పేసింది. ఇదంతా పక్కింటి బౌది దిష్టి. బౌది అంటే బెంగాలీలో వదిన. మా పక్క క్వార్టరులో ఉండే ఆవిడని సందంతా అలాగే పిలిచేది. ఆవిడ చేసిన నేరమల్లా ఒక్కటే. మేం నారు నాటిన రోజు తీగకంచె మీద చేతులు ఆనించి, మామ్మని పిన్నీ అన్నట్టుగా మాశీమా అని పిలిచి, ఎంత ముద్దుగా ఉన్నాయో అంది. అంతే, ఆ మాటతో వంగతోట తగలబడిందని మామ్మ తేల్చింది. ఆ రోజు నుంచి ఆవిడ కంచె దగ్గరికి వస్తే చాలు, మామ్మ మూతి మూడు వంకర్లు తిప్పుకుని లోపలికి వచ్చేసేది. మామ్మ ఎలా తిప్పితే నేనూ అలాగే తిప్పేదాన్ని.

కాళీపూజ వెళ్ళిన వారానికి నాన్న స్నేహితుడొకాయన మా ఇంటికి వచ్చాడు. కార్పొరేషన్ పార్కులో తోటమాలి, బిహారు మనిషి. పిల్లలం ఆయన్ని మాలీ కాకా అనేవాళ్ళం. టీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, ఎండిపోయిన వంగ మొదళ్ళని చూసి, మట్టిగడ్డ ఒకటి తీసి మోకాలికేసి కొట్టాడు. అది ఇటుకముక్కలా ఉంది, విరగనే లేదు. మామ్మని హిందీలో ఏదో అడిగాడు. మామ్మ పొయ్యి వైపు చూపించింది. ఆయన తల అడ్డంగా ఊపి, చాలాసేపు మెల్లగా చెప్పుకుంటూ పోయాడు. మామ్మ ముఖం మాడిపోయింది. ఆయన వెళ్ళాక ఏమన్నాడని అడిగితే నాకెందుకని నెత్తిన మొట్టింది. మర్నాటి నుంచి పొయ్యి బూడిద వీధి చివర చెత్తకుండీలోకి వెళ్ళడం మాత్రం చూశాను. ఎందుకని అడగలేదు. ఇంకో మొట్టికాయ ఎవరికి కావాలి.

ఆ శనివారమే మాలీ కాకా పాత గుడ్డలో మూట కట్టి విత్తనాలు తెచ్చాడు. బొద్దుగా ఆకుపచ్చగా ఉండే బజారు బఠాణీలు కావవి. చిన్నగా, బూడిదరంగు మచ్చలతో ఉన్న నాటు బఠాణీలు. వాటితోపాటు గుప్పెడు ఆవాలు. ఆవ మొక్క నిటారుగా లేస్తుంది, బఠాణీ తీగ దాన్ని పట్టుకుని పాకుతుంది అని చెప్పాడు. రాత్రి గింజలు నానబోస్తే పొద్దుటికి రెండింతలై గిన్నె నిండాయి. బడికి సెలవు. నాకు ఆ గిన్నె చూస్తేనే ఏనుగెక్కినంత సంబరం. మామ్మ గునపంతో నేలని పెళ్ళగిస్తుంటే నేను బొగ్గురాళ్ళు ఏరి డబ్బాలో వేశాను. ఒక డబ్బా అయింది, రెండయ్యాయి, మూడో డబ్బా కూడా నిండింది. అరచేతులు నల్లగా అయిపోయి, ముక్కు తుడుచుకుంటే మీసాలు వచ్చాయి. మామ్మ నన్ను చూసి పమిట నోట్లో కుక్కుకుని నవ్వింది.

గింజలు చల్లడం నాకే వదిలేసింది. నేను వరసలు గీసి జానెడుకొకటి పెట్టబోతే ఆపింది. ఒత్తుగా చల్లమంది, నేల కనబడకూడదంది. ఇంత ఒత్తుగా వేస్తే మొక్కకి మొక్క అడ్డం కాదా అని నాకు అనుమానం వచ్చింది గానీ, చేతినిండా గింజలుంటే అనుమానాలు ఎంతసేపు నిలుస్తాయి. గుప్పిళ్ళు గుప్పిళ్ళుగా విసిరాను. కొన్ని మామ్మ నెత్తిన పడ్డాయి, కొన్ని కంచె దాటి బౌది గుమ్మంలో పడ్డాయి. పైన మట్టి కప్పి, గోనెసంచులు తడిపి పరిచాం. పావురాల కాపలా నాదే. కర్ర పట్టుకుని పోలీసులా అటూ ఇటూ తిరిగాను.

అయిదో రోజు పొద్దున్న గోనె ఎత్తి చూద్దును కదా, లోపలంతా మొలకలు. మట్టిని పెళ్ళలు పెళ్ళలుగా ఎత్తేసి, మెడలు వంచుకుని బయటికి వస్తున్నాయి. నేను వేసిన కేకకి అమ్మ చీపురు పట్టుకునే పరుగెత్తుకొచ్చింది, ఏ పామో అనుకుని. లెక్కపెట్టడం మొదలుపెట్టి నూటికి పైన తప్పిపోయి, మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ తప్పిపోయాను. రెండేళ్ళుగా చచ్చి పడున్న నేల నా చేతి గింజలకి పచ్చబడిందంటే నా కాళ్ళు నేల మీద ఆనలేదు. బడికి వెళ్ళే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి వాటిని చూడకపోతే నాకు అన్నం సయించేది కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సరస్వతీ పూజ సంగతి వచ్చింది. కలకత్తాలో ఆ పూజ పిల్లలది. బొమ్మ తేవడం దగ్గర్నుంచి ఖిచుడీ దాకా అన్నీ పిల్లలే చూసుకుంటారు. మా సందులో ఆ పెత్తనమంతా తొమ్మిదో తరగతి చదివే ఒక దిదీది, అంటే అక్కది. మొత్తం క్వార్టర్లకి తెలుగు ఇళ్ళు నాలుగే. మా నాలుగిళ్ళ పిల్లలనీ 'మద్రాసీ' పిల్లలనేవాళ్ళు. కిందటేడు నాకు వాళ్ళు ఇచ్చిన పని కుళాయి నుంచి బకెట్లతో నీళ్ళు మోయడం. అంతకు ముందేడు అదీ లేదు, వడ్డన అయ్యాక పిలిచారు. ఈసారి దిదీ కాగితం పట్టుకుని ఎవరింట్లోంచి ఏం తెస్తారని అడుగుతోంది. బియ్యం ఒకరు, పెసరపప్పు ఒకరు, గోబీ పువ్వులు ఒకరు అన్నారు. బఠాణీల దగ్గరికి వచ్చేసరికి అందరూ ముఖముఖాలు చూసుకున్నారు. నా చెయ్యి దానంతటదే లేచింది.

ఎన్ని తెస్తావని అడిగితే, ఎన్ని కావాలంటే అన్ని అన్నాను. మా తోటవే అన్నాను. దిదీ కాగితం మీద నా పేరు రాసింది. ఆ కాగితం మీద ఒక తెలుగు పేరు ఎక్కడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం నుంచి పిల్లలు నన్ను బాడ్మింటన్‌కి పిలవడం మొదలుపెట్టారు. కొందరు మా కంచె దగ్గరికి వచ్చి మొక్కలు చూసి వెళ్ళేవాళ్ళు. నేను రాణీగారిలా నడుము మీద చేతులు పెట్టుకుని చూపించేదాన్ని. ఈ సంగతి మామ్మకి చెప్పలేదు. పూజ పొద్దున్న బుట్ట నింపమని అడిగి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. నేను అడిగితే మామ్మ కాదంటుందన్న ఊహే నాకు లేదు.

చలి ముదిరేసరికి తీగలు నా నడుము దాకా వచ్చాయి. నేల నిజంగానే కనబడలేదు. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి బౌది కంచెలోంచి చెయ్యి పెట్టి తీగల చివర లేత చిగుళ్ళు తుంచుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్కో చిగురు పోతే ఒక్కో కాయ పోయినట్టే కదా! గట్టిగా అరిచాను. ఆవిడ ఉలిక్కిపడి, ఇవి కూర చేసుకుంటాం, గుప్పెడు తీసుకుందామని అంది. పశువుల్లా చిగుళ్ళు తినడమేమిటని నేను నోరు పారేసుకున్నాను. మామ్మ గుమ్మంలో నిలబడి విన్నది, నన్ను మందలించలేదు. పైగా నాకు ఆ పూట బెల్లంముక్క పెట్టింది. నేను ఇంకా రెచ్చిపోయి కంచె పొడవునా పాత టైర్లు అడ్డం పెట్టాను. బౌది మళ్ళీ ఆ వైపు రాలేదు.

పూజ ఇంకా నాలుగు రోజులుందనగా తీగలు పూశాయి. ఊదా, తెలుపు కలిసిన పువ్వులు, వాటి మధ్య ఆవపూల పసుపు. ఆ అందం చూసి పిచ్చెత్తిపోయాను. కాయలు మాత్రం ఇంకా లేవు. నాలుగు రోజుల్లో వచ్చేస్తాయనుకున్నాను. ఆ మధ్యాహ్నం బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి విసిరేసి పెరట్లోకి పరుగెత్తితే, మామ్మ మడి పక్కన పీట వేసుకుని కొడవలి నూరుతోంది. పక్కన పార ఉంది. పొద్దున్న మాలీ కాకా వచ్చి వెళ్ళాడట. పువ్వు పడింది, ఈ వారంలో కోసి మట్టిలో కలిపెయ్యాలి, కాయ కట్టనిస్తే మట్టికి పోవాల్సిన బలమంతా గింజలోకి పోతుంది అన్నాడట.

నేను మడికి అడ్డంగా పడుకున్నంత పని చేశాను. కొయ్యొద్దని, ఇంకా కాయలు రాలేదని ఏడ్చాను. మామ్మ కొడవలి ఆపి నన్ను వింతగా చూసింది.

"కాయలేటే? ఇది మనం తినడానిక్కాదే గుంటా. మట్టి తినడానికి. ఉత్త నేలని సలికాలమంతా ఒగ్గేకుండా కప్పి, పువ్వొచ్చినాక దానికే పెట్టెయ్యాల."

పంట వేసి, నీళ్ళు పోసి, పావురాలని తోలి, చివరికి మట్టిలో పూడ్చెయ్యడమా? అప్పుడు ఏడుస్తూనే కాగితం సంగతి, బుట్ట సంగతి, నా పేరు సంగతి అంతా కక్కేశాను. మామ్మ తీగలు ఎత్తి ఎత్తి చూసింది, ఎక్కడైనా నాలుగు కాయలు దొరుకుతాయేమోనని. పువ్వులే తప్ప కాయ లేదు. కొయ్యకుండా ఉంచినా పూజ నాటికి గింజ పట్టదని ఆవిడకీ తెలుసు, అప్పటికి నాకూ తెలిసిపోయింది. రేపు దిదీకి ఏ ముఖం చూపించను? మళ్ళీ బకెట్లు మొయ్యడమే. అది కూడా కాదు, అబద్ధాలకోరు మద్రాసీ పిల్ల అంటారు.

అప్పుడు నాకో ఉపాయం తట్టింది. కళ్ళు తుడుచుకుని ఎంతో తెలివిగా చెప్పాను.

"బౌది దిష్టి తగిలి కాయలు రానేదని సెప్పేద్దాం మామ్మా. వంకాయలకి నువ్వు సెప్పినావు కదేటి, అలగే."

మామ్మ నన్ను కొడుతుందనుకోలేదు, మెచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ రెండూ చెయ్యలేదు. కొడవలి పక్కన పెట్టింది. తర్వాత లేచి కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంది. పెట్టెలోంచి పండగ చీర తీసి కట్టుకుంది. జుట్టు దువ్వి ముడి వేసుకుంది. నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. నేను వెనక్కి లాగుతున్నా వదల్లేదు.

కుళాయి పక్క ఖాళీ జాగాలో వెదుళ్ళు పాతి, అమ్మల చీరలు కట్టి పందిరి వేస్తున్నారు. పిల్లలు రంగుకాగితాల గొలుసులు అంటిస్తున్నారు. వాళ్ళ తల్లులు నలుగురైదుగురు, వాళ్ళలో బౌది కూడా, మెట్ల మీద కూర్చుని చూస్తున్నారు. మామ్మ ఏనాడూ ఆ పందిరి ఛాయలకి పోలేదు. ఆవిడ్ని చూసి అందరూ పని ఆపేశారు. నేను ఆవిడ వెనక దాక్కున్నాను. మామ్మకి వచ్చిన బెంగాలీ మార్కెట్లో చేపలు బేరమాడేటంత. అందులో సగం మా యాసే. ఆ మాటలతోనే మొదలుపెట్టింది. ముందు బఠాణీలు రావని చెప్పింది. పిల్లల్లో గుసగుసలు లేచాయి. దిదీ కాగితం వైపు చూసింది. అప్పుడు మామ్మ గొంతు పెంచింది. బెంగాలీ మరిచిపోయి తెలుగులోకి దిగిపోయింది గానీ, అక్కడ అర్థం కానివాళ్ళు లేరనే నా నమ్మకం.

"ఈ గుంటది తప్పేటీ నేదు. ఇది మట్టికని నాను సెప్పనేదు. బొగ్గుల బుగ్గి పోసి నేలని నానే సంపేసినాను. ఆ మాలీ సెప్తే గానీ తెలీనేదు. సిగ్గేసి ఎవులికీ సెప్పనేదు. పైగా ఈయమ్మ దిష్టని ఊరంతా సాటించినాను."

అని బౌది వైపు తిరిగి చేతులు జోడించింది. నేను ఆవిడ చీర కుచ్చెళ్ళలోంచి తల బయటికి పెట్టి నోరు తెరుచుకుని చూశాను. మామ్మ తప్పు చేసిందా? చేసిందే పో, అది ఇంతమంది పిల్లల ముందు చెప్పుకోవడమా? ఇంటికి వెళ్ళి నాన్నకి చెబితే నమ్మడనుకున్నాను. నిజంగానే నమ్మలేదు.

బౌది ఒక్క గంతులో మెట్లు దిగి వచ్చి మామ్మ చేతులు విడదీసింది. దిష్టి మాట ఆవిడకి ముందే ఎవరో మోశారట. కంచె దగ్గరికి రావాలంటేనే మనసొప్పేది కాదని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తర్వాత తనే కళ్ళు తుడుచుకుని, తీగలు మట్టికే అనుకో మాశీమా, మరి ఆ చిగుళ్ళు కూడా మట్టికేనా అని అడిగింది. మామ్మకి అర్థం కాక నన్ను చూసింది. నేను తెలుగులో చెప్పాను. మామ్మ ఒక్క నిమిషం ఆలోచించి, గంపెడు చిగుళ్ళు తీసినంత మాత్రాన మట్టి కడుపు మాడదులే అంది. మెట్ల మీద ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. దిదీ కాగితం మీద బఠాణీ మాట కొట్టేసి, నా పేరు ఎదురుగా బఠాణీ శాక్ అని రాసింది. శాక్ అంటే ఆకుకూర. నా పేరు మాత్రం కొట్టెయ్యలేదు.

పూజ పొద్దున్న మంచు తెరలాగా కమ్మి ఉంది. టైర్లన్నీ నేనే లాగి అవతల పారేశాను. బౌది, మామ్మ, నేను, మా వెనకే పదిహేనుమంది పిల్లలు. ఎక్కడ గిల్లాలో బౌది చూపించింది. చివర రెండాకులు, వాటి మధ్య నులితీగ, అంతే. వేళ్ళు చలికి కొంకర్లు పోతున్నా ఒక్కరూ ఆగలేదు. రెండు గంపలు నిండాయి. ఆవపూలన్నీ కోసి అమ్మవారి పాదాల దగ్గర పోశాం. అమ్మ పసుపుచీర నాకు మడతలు వేసి కట్టింది. నడిచినప్పుడల్లా జారిపోతోంది. అయినా నాకేం పట్టింది! ఖిచుడీ పక్కన నల్లజీలకర్ర, పచ్చిమిర్చి వేసి వేయించిన ఆ చిగుళ్ళ కూర వడ్డిస్తుంటే, ఇది వాళ్ళ తోటది అని ఒకరికొకరు చెప్పుకోవడం నా చెవులతో నేను విన్నాను. మామ్మ పంక్తిలో కూర్చుని రెండోసారి అడిగి వేయించుకుంది. ఇన్నాళ్ళూ ఇంత మంచి కూర కళ్ళ ముందు పెట్టుకుని తినలేదేటని నన్నే తిట్టింది.

పూజ నాడు పుస్తకాలు అమ్మవారి దగ్గరే ఉంటాయి, చదవడం నిషేధం. తిండి అయ్యాక పిల్లలందరూ మా పెరట్లోకి వచ్చి పడ్డారు. మామ్మ కొడవలితో తీగలు కోసి చిన్న చిన్న ముక్కలు చేసింది. మాలీ కాకా వచ్చి పారతో గాళ్ళు తీశాడు. మేం చేతులతో ఎత్తి ఎత్తి ఆ గాళ్ళలో వేసి, పైన మట్టి కప్పి, చీరలు మోకాళ్ళ దాకా ఎత్తి కట్టుకుని తొక్కాం. పచ్చి బఠాణీ వాసన సందంతా కొట్టింది. మామ్మ ఒక మూల నిలబడి, అక్కడ తొక్కండి, ఇక్కడ తొక్కండి అని అరుస్తూనే ఉంది. దిదీ కాలు జారి కూలబడితే అందరం నవ్వి నవ్వి పొట్టలు పట్టుకున్నాం. బంగారంలాంటి పంటని మట్టిలో పెట్టేస్తున్నామన్న దిగులు నాకు ఆ పూట ఏ కోశానా లేదు. మొదటిసారి నేను ఆ సందు పిల్లనయ్యాను.

ఆ వానాకాలం వంకాయలు విరగకాశాయని చెబితే అబద్ధమవుతుంది. పన్నెండు కాశాయి. నేల ఒక్క చలికాలంలో బాగుపడలేదు. మరో రెండేళ్ళు కార్తీకం రాగానే అలాగే గింజలు చల్లి, పూత రాగానే మట్టిలో కలిపాం. మూడో ఏడు వాన పడితే నీళ్ళు నిలవకుండా లోపలికి ఇంకడం చూసి మామ్మ నన్ను నిద్ర లేపి మరీ చూపించింది. చేత్తో తవ్వితే వానపాము వచ్చింది. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని మురిసిపోయిన తీరు నేను మనవడు పుట్టినప్పుడు మా ఆయనలో కూడా చూడలేదు.

నేను పెద్దయ్యాక ముప్పై ఏళ్ళు చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పాను. నాకూ మామ్మ పోలికే, కోపం ముక్కు మీదే ఉంటుంది. పిల్లలు ఏదైనా పాడు చేస్తే ముందు కళ్ళెర్ర అవుతాయి. కానీ అరవబోయే ముందు ఒక్కసారి ఆగుతాను. వీళ్ళకి నేను ముందుగా ఏదైనా చెప్పాల్సింది చెప్పలేదా అని చూసుకుంటాను. చెప్పలేదని తేలిన ప్రతిసారీ ఆ మాట పిల్లల ముందే అన్నాను. 'నేను చెప్పలేదు, తప్పు నాది' అని. తోటి టీచర్లు అలా అంటే పిల్లలు నెత్తికెక్కుతారనేవాళ్ళు. ఒక్కరూ ఎక్కలేదు.

అది అలవాటైతే తేలికవుతుందనుకునేదాన్ని. కాలేదు. ఇవాళ్టికీ ఆ నాలుగు మాటలు అనాలంటే నాకు కష్టమే. ఆ పందిట్లో అంతమంది ముందు మామ్మ ఎంత గట్టిగా, ఎంత నిబ్బరంగా చెప్పిందని అందరూ ఎన్నో ఏళ్ళు చెప్పుకున్నారు. నిబ్బరం సంగతి వాళ్ళకేం తెలుసు. చెబుతున్నంతసేపూ ఆవిడ చెయ్యి నా చేతిలో గజగజ వణుకుతూనే ఉంది.